వెలుగుకు తూము

పిల్లలూ, మన సీమ పల్లెల్లో ఒకప్పుడు ఇంట్లో కూచొనే చేలల్లో మోటార్లు ఆడుతున్నాయో లేదో చెప్పేవాళ్లం. పొద్దుగూకినాక త్రీఫేజు వచ్చిందంటే బోర్లన్నీ ఒక్కసారిగా అందుకునేవి. నట్టింట్లో బల్బు ఎర్రబడి ఈనులా మిగిలేది. అవ్వలు ‘లో ఓల్టేజీ వచ్చె’ అనుకుంటూ పొయ్యి వెలుతుర్లోనే సంగటి కెలికేవాళ్లు. పరీక్షలకు చదివే పిల్లకాయలు పుస్తకం ముక్కు దగ్గరికి తెచ్చుకునేవాళ్లు.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఎల్‌ఈడీ బల్బు అట్లా ఎర్రబడదు. మోటార్లు ఆడినా, ఆడకపోయినా ఒకే తీరుగా వెలుగుతుంది. మొన్న మా మనవడు అడిగిన ప్రశ్న ఇక్కణ్ణుంచే పుట్టింది: ‘జేజినాయనా, ఓల్టేజీ తగ్గినా ఇది తగ్గదు కదా, మరి మనకు కావాలన్నప్పుడు దీన్ని తగ్గించేదెట్లా?’ మంచి ప్రశ్న. జవాబు కొంచెం పొడుగు. చాప పరుచుకుని కూచోండి.

ముందు పాత బల్బు సంగతి చూద్దాం. దాని లోపల ఉండేది సన్నని టంగ్‌స్టన్ తీగ. కరెంటు పారితే తీగ తెల్లగా కాలుతుంది, ఆ కాకలోంచే వెలుగు. ఓల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, కానీ వెలుగు అంతకంటే చాలా ఎక్కువగా పడిపోతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే వెలుగు సగం కూడా ఉండదు, నూటికి 43 పాళ్లకు పడిపోతుంది. 150 వోల్టులకు దిగితే పావు వంతు కూడా రాదు. సరిగ్గా సగం ఓల్టేజీ ఇచ్చి చూస్తే ఇంకా విచిత్రం. బల్బు తినే వాట్లు మూడో వంతుకు తగ్గుతాయి, ఇచ్చే వెలుగు మాత్రం పదో వంతుకు జారిపోతుంది. అంటే తగ్గించే కొద్దీ నష్టం పెరుగుతుంది. చల్లబడిన తీగ తాను తిన్న శక్తిలో ఇంకా ఎక్కువ భాగాన్ని కంటికి కనబడని వేడి కిరణాలుగానే వదిలేస్తుంది. అందుకే మన మనసుల్లో వెలుగు తగ్గడమంటే దరిద్రం అనే లెక్క నాటుకుపోయింది.

ఎల్‌ఈడీ ఈ లెక్కను తలకిందులు చేసింది. దీన్ని తగ్గిస్తే లాభం. నేను ఈ రోజు మీకు చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. మిగిలినదంతా అది ఎందుకు నిజమో చూపించడానికే.

ఎల్‌ఈడీ మన ఇళ్లకు వచ్చిన కథ పెద్ద పాతదేమీ కాదు. నీలం వెలుగునిచ్చే ఎల్‌ఈడీ తయారు చెయ్యడం దశాబ్దాల పాటు ఎవరికీ కొరుకుడు పడలేదు. జపాన్ దేశంలో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు గాలియం నైట్రైడ్ స్ఫటికంతో కుస్తీ పట్టి సాధించారు. నీలం వచ్చాక దాని మీద పసుపు రంగు వెలుగునిచ్చే పొడి పూస్తే తెలుపు వస్తుంది. తెల్లటి వెలుగునిచ్చే బల్బుకు దారి తెరుచుకుంది అట్లానే. ఆ ముగ్గురికీ 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అదే ఏడాది చివర్లో మన రాష్ట్రంలో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని పది రూపాయలకొకటి చొప్పున ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చే పని మొదలైంది. హుద్‌హుద్ తుపాను దెబ్బ తిన్న విశాఖపట్నంలో వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలుగా మార్చిందీ ఆ తరువాతే. 2015 జనవరి 5న దేశమంతటికీ ఉజాలా పథకం వచ్చింది. 2014 మొదట్లో ప్రభుత్వం ఒక్కో బల్బును కొనే ధర 310 రూపాయలు. 2016 నాటికి అదే 38 రూపాయలకు దిగింది. కర్నూలు, కడప సంతల్లో కూడా ఎల్‌ఈడీ బల్బు మామూలు సరుకైపోయింది.

సరే, ఓల్టేజీ తగ్గినా ఇది ఎందుకు తగ్గదు? దాని కడుపులో డ్రైవరు అని ఒక చిన్న సర్క్యూట్ ఉంది. చూడాలంటే పాడైపోయిన తొమ్మిది వాట్ల బల్బును తీసుకోండి. హోల్డరు నుంచి తీసి పక్కన పెట్టి, కాసేపాగి, పైనున్న తెల్లటి ప్లాస్టిక్ బుడగను మెల్లగా తిప్పి ఊడదీయండి. లోపల గుండ్రటి అల్యూమినియం పలక ఉంటుంది. దాని మీద పసుపు రంగు చిన్న చిన్న గళ్లు, ఒక్కోటి దాదాపు బియ్యపు గింజంత, వరుసగా కనిపిస్తాయి. అవే ఎల్‌ఈడీలు. పలక మధ్యలోనో, కింద గొట్టంలోనో ఎనిమిది కాళ్ల నల్లటి చిప్పు, పక్కనే ఆవగింజంత రెసిస్టర్లు ఒకటో రెండో అంటుకుని ఉంటాయి. ఆ ఆవగింజలను గుర్తు పెట్టుకోండి, వాటితో మనకు పనుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. కరెంటులో ఉన్న బల్బును విప్పొద్దు. ఈ బల్బుల్లో చాలావాటిలో ఆ పలకకూ, గోడలోని 230 వోల్టులకూ మధ్య అడ్డేమీ ఉండదు. తాకితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు ఎల్‌ఈడీ స్వభావం చెప్తా. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోటి దాదాపు మూడు వోల్టుల దగ్గర వెలుగుతుంది. రెండున్నర వోల్టులిస్తే దాదాపు చీకటే. మూడు దాటాక ఓల్టేజీని ఒక పదో వంతు వోల్టు పెంచినా కరెంటు ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు ఎగబాకుతుంది. పైగా ఎల్‌ఈడీ వేడెక్కే కొద్దీ అదే ఓల్టేజీకి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు ఎక్కువైతే మళ్లీ వేడి, వేడెక్కితే మళ్లీ కరెంటు. వదిలేస్తే కాలి బూడిదవుతుంది. కాబట్టి దీన్ని ఓల్టేజీతో అదుపు చెయ్యబోతే మన చేతికి చిక్కదు. అదుపు చెయ్యాల్సింది కరెంటును. ఎంత కరెంటో అంత వెలుగు, ఇంచుమించు సూటి లెక్క.

డ్రైవరు పని ఇదే. ఎల్‌ఈడీల గుండా పారిన కరెంటంతా నేను చెప్పిన ఆ ఆవగింజ రెసిస్టరు గుండా కూడా పారుతుంది. ఒక ఓం రెసిస్టరులో 0.2 ఆంపియర్లు పారితే దాని రెండు కొసల మధ్య 0.2 వోల్టులు పుడతాయి. ఇది బళ్లో చదువుకున్న ఓం సూత్రమే. నల్ల చిప్పు లోపల కూడా 0.2 వోల్టుల కొలబద్ద ఒకటి స్థిరంగా ఉంటుంది. చిప్పు ఆ రెండింటినీ ఎడతెగకుండా పోల్చి చూస్తుంది. రెసిస్టరు మీద ఓల్టేజీ ఎక్కువైతే కరెంటు ఎక్కువ పారుతోందని తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది. గోడలోంచి 230 వచ్చినా, 170 వచ్చినా రెసిస్టరు దగ్గర లెక్క సరిపోయేదాకా సర్దుకుంటూనే ఉంటుంది. అందుకే మోటార్లు ఆడినా మీ బల్బు చలించదు. మరీ కిందికి దిగితే ఇక సర్దుకోలేక ఆరిపోతుంది, అది వేరే సంగతి.

ఇక వెలుగు తగ్గించాలంటే ఏం చెయ్యాలో మీకే తడుతుంది. చిప్పు లోపలి కొలబద్దను 0.2 నుంచి 0.1 వోల్టుకు దించితే చాలు. చిప్పు తన లెక్క ప్రకారం 0.1 ఆంపియరు దగ్గరే కరెంటును ఆపుతుంది, వెలుగు సగమవుతుంది. దించే కొద్దీ మెట్లు లేకుండా జారుతూ దిగుతుంది. దీన్నే అనలాగ్ డిమ్మింగ్ అంటారు. కొలబద్దను కదిలించే ఏర్పాటు లేని చౌక బల్బులో ఇదే పనిని రెసిస్టరు మార్చి చెయ్యొచ్చు. అక్కడ రెండు సమానమైన రెసిస్టర్లు పక్కపక్కన ఉంటే, ఒకటి తీసేసినప్పుడు కరెంటు సగానికి దిగుతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్లు కొందరు అట్లా చేసి బల్బు ఆయుష్షు పెంచుకుంటారు.

వెలుగు తగ్గించడానికి ఇంకో పద్ధతి ఉంది. దాని పేరు పీడబ్ల్యూఎం. అందులో కరెంటును తగ్గించరు. పూర్తి కరెంటే ఇస్తారు, కానీ సెకనుకు వందల సార్లు, వేల సార్లు వేసి తీస్తుంటారు. సగం సేపు వేసి సగం సేపు ఆపితే కంటికి సగం వెలుగు కనిపిస్తుంది.

ఈ రెండింటి తేడా మన కర్నూలు, కడప రైతులకు చెప్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ఎందుకంటే రెండు జిల్లాలనూ కలిపే కేసీ కాలువ మీద వాళ్లు రెండు పద్ధతులూ చూసి ఉన్నారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, కర్నూలు దాటి, నంద్యాల మీదుగా, పెన్నా లోయలో కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పారే కాలువ అది. 1863 నుంచి 1870 మధ్య ఒక కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం తీసుకుంది. నీళ్లు తక్కువున్న ఏడు తూము తలుపును సగానికి దించి, సన్నగానైనా ఆగకుండా నీళ్లు వదలొచ్చు. లేదా తలుపును పూర్తిగా ఎత్తి నాలుగు రోజులు వదిలి, నాలుగు రోజులు పూర్తిగా దించేయొచ్చు. దాన్నే వారబందీ అంటారు. రెండు పద్ధతుల్లోనూ చేనికి చేరే నీళ్లు మొత్తం మీద ఒకటే. మొదటిది అనలాగ్, రెండోది పీడబ్ల్యూఎం. ఇంకొక్క అడుగు ముందుకు వేద్దాం. తలుపును సగానికి దించాలంటే తూము చూసుకునే లస్కరుకు కష్టం లేదు, చెయ్యి ఒక వేలెడు అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. అదే తలుపును రెండు వేళ్ల ఎత్తు మాత్రమే తెరవమంటే? ఒక వేలెడు పొరపాటుకు నీళ్లు సగం ఎక్కువో, సగం తక్కువో అయిపోతాయి. అట్లాంటప్పుడు వారబందీయే నయం. పూర్తిగా ఎత్తడం, పూర్తిగా దించడం ఎవరికైనా కచ్చితంగా వస్తుంది.

సరిగ్గా ఇదే ఇబ్బంది అనలాగ్ డిమ్మింగ్‌కు ఉంది. 0.2 వోల్టుల కొలబద్దను నూటికి అయిదు పాళ్లకు దించితే మిగిలేది 0.01 వోల్టు. పోల్చి చూసే సర్క్యూట్‌లో రెండు మూడు వేలవంతుల వోల్టు తేడా తయారీలోనే ఉండిపోతుంది. పూర్తి వెలుగు దగ్గర ఆ తేడా లెక్కలోకి రాదు. అయిదు పాళ్ల దగ్గర అది పావు వంతు తప్పు. అందుకే ఒకే హాలులో ఒకే వరుసలో పెట్టిన పది లైట్లను అడుగంటా తగ్గిస్తే ఒకటి కొంచెం ఎక్కువగా, ఒకటి కొంచెం తక్కువగా వెలిగి కంటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. తక్కువ కరెంటు దగ్గర తెలుపు రంగు కూడా ఒక పిసరు మారుతుంది. పీడబ్ల్యూఎంలో ఈ రెండు బాధలూ లేవు, ఎందుకంటే వెలిగినంత సేపూ కరెంటు ఒకటే. మంచి డ్రైవర్లు తయారు చేసేవాళ్లు రెండింటినీ కలుపుతారు. పూర్తి వెలుగు నుంచి పదో వంతు, అయిదో వంతు దాకా అనలాగ్, అక్కణ్ణుంచి కిందికి పీడబ్ల్యూఎం.

అట్లాగని పీడబ్ల్యూఎం మేలని తేల్చేయొద్దు. దానికీ ఒక జబ్బుంది. వేసి తీసే వేగం తక్కువైతే కొందరికి తలనొప్పి వస్తుంది, తిరిగే యంత్రం ఆగినట్టు కనబడుతుంది. సెల్‌ఫోన్ కెమెరాలో నల్ల చారలు పడతాయి. మీరే పరీక్ష చెయ్యండి. ఫోన్‌లో కెమెరా తెరిచి బల్బుకు బాగా దగ్గరగా పెట్టండి. తెర మీద చారలు కదిలితే ఆ వెలుగు నిలకడగా లేదని అర్థం. డిమ్మర్ లేని బల్బులోనూ చారలు కనబడితే, లోపల కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటరులో పిసినారితనం చూపారని తెలుసుకోవచ్చు. చదువుకునే బల్ల మీదికి అట్లాంటి బల్బు వద్దు. అనలాగ్ పద్ధతిలో తగ్గించిన మంచి దీపం ఎంత తగ్గించినా నిలకడగానే ఉంటుంది. ఆసుపత్రుల్లో, ఫొటో స్టూడియోల్లో, బడిగదుల్లో దాన్ని ఇష్టపడేది అందుకే.

ఇప్పుడు లాభం సంగతికి వద్దాం. నేను ముందే చెప్పిన మాటకు ఇదే ఆయువుపట్టు.

నీలం ఎల్‌ఈడీ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఒక వైపు నుంచి, వాటి కోసం ఖాళీగా ఉన్న చోట్లు ఇంకో వైపు నుంచి వచ్చి కలుసుకుంటాయి. కలిసిన చోట ఒక వెలుగు రేణువు పుడుతుంది. కరెంటు మితంగా ఉన్నప్పుడు ఈ కలయికల్లో ఎక్కువ భాగం వెలుగునే ఇస్తాయి. కరెంటు బాగా పెంచితే అక్కడ గుంపు చేరుతుంది. అప్పుడు కలిసిన జంట తన శక్తిని వెలుగుగా వదలకుండా పక్కనున్న మరో ఎలక్ట్రాన్‌కు ఇచ్చేస్తుంది. అది ఎగిరిపడి, చివరికి ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. అంటే కరెంటు పెంచే కొద్దీ ప్రతి యూనిట్ మీద వచ్చే వెలుగు తగ్గుతుంది. దీన్ని తిరగేసి చదవండి. కరెంటు సగానికి తగ్గిస్తే వెలుగు సగం కంటే కొంచెం ఎక్కువే వస్తుంది! పాత బల్బు తగ్గిస్తే వెలుగు పదో వంతుకు పడిపోయింది, గుర్తుందా? ఇక్కడ అట్లా లేదు. పైగా ఈ లాభం అనలాగ్ పద్ధతికే దక్కుతుంది. పీడబ్ల్యూఎంలో వెలిగిన ప్రతిసారీ కరెంటు పూర్తిగానే ఉంటుంది కాబట్టి ఆ గుంపు చేరే నష్టం అట్లాగే ఉంటుంది.

ఈ సూత్రాన్ని దుబాయ్ బాగా వాడుకుంది. మన కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి గల్ఫ్ పోయిన మీ మామలనూ చిన్నాయనలనూ అడగండి. 2016లో దుబాయ్ మునిసిపాలిటీ, ఫిలిప్స్ కంపెనీ కలిసి ‘దుబాయ్ ల్యాంప్’ అని ఒక బల్బు తెచ్చాయి. అందులో మామూలు బల్బు కంటే ఎక్కువ ఎల్‌ఈడీలు పెట్టి, ఒక్కోదానికీ తక్కువ కరెంటు ఇచ్చారు. వెలుగును కొలిచే ల్యూమెన్ల లెక్కలో వాటుకు 200 వచ్చింది. మన అంగళ్లలో దొరికే బల్బులు వాటుకు వంద చిల్లర దగ్గర ఉంటాయి. ఒళ్లు అలవకుండా పని చేయించుకోవడంలో ఉన్న లాభం అదీ.

రెండో లాభం ఆయుష్షు. మన ఎండలు మీకు తెలియనివి కావు. మే నెలలో కర్నూలు, కడపల్లో పాదరసం 44, 45 డిగ్రీలు తాకుతుంది. కడప బండ పరిచిన మిద్దె పగలంతా కాగి, రాత్రి పదింటికి కూడా కిందికి సెగ కక్కుతుంటుంది. ఆ కప్పుకు అంటిన బల్బు లోపల వేడి ఎంతుంటుందో ఊహించండి. బల్బు చచ్చిపోయిందంటే చాలాసార్లు చచ్చేది ఎల్‌ఈడీ కాదు, డ్రైవరులో ఉండే పీపా ఆకారపు కెపాసిటరు. దాని లోపలి ద్రవం వేడికి మెల్లమెల్లగా ఆవిరవుతుంది. ఆ కెపాసిటరు వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. దీపాన్ని సగానికి తగ్గించి వాడితే లోపల పుట్టే వేడీ సగానికి తగ్గుతుంది. చల్లని దేశంలో దీన్ని మంచి అలవాటు అంటారు, మనకైతే ఇది అవసరం.

మంచి వీధి దీపాల్లో, పెద్ద ఫ్లడ్ లైట్లలో డ్రైవరు ఈ పని తనంత తానే చేసుకుంటుంది. ఎల్‌ఈడీ పలక పక్కనే వేడికి నిరోధం మారే థర్మిస్టరు ఒకటి అంటిస్తారు. వేడి హద్దు దాటితే అది చిప్పు కొలబద్దను కొంచెం కిందికి లాగుతుంది. కరెంటు తగ్గుతుంది, వెలుగు ఒక పిసరు తగ్గుతుంది, దీపం బతికిపోతుంది. అనలాగ్ డిమ్మింగ్‌కు ఇంతకంటే అందమైన ఉపయోగం నాకు కనబడలేదు. దీపం కొనేటప్పుడు ఈ ఏర్పాటు ఉందా అని అడగండి. మన ఎండలకు అది ఉండి తీరాలి.

ఇక మనం చేత్తో తగ్గించే పద్ధతి. కాలేజీ హాళ్లలో, ఆఫీసుల్లో, కల్యాణ మండపాల్లో పెద్ద లైట్ల వెనక చూస్తే కరెంటు తీగలు కాకుండా ఇంకో రెండు సన్న తీగలు బయటికి వస్తాయి. చాలావాటిలో ఒకటి ఊదా రంగు, ఇంకోటి బూడిద రంగు. ఇదే ‘సున్నా-పది వోల్టుల’ పద్ధతి. ట్యూబులైట్ల కాలం నుంచి వస్తున్నది, ఎల్‌ఈడీలు కూడా దాన్నే అందిపుచ్చుకున్నాయి. ఆ రెండు తీగల మధ్య పది వోల్టులుంటే పూర్తి వెలుగు, అయిదుంటే దాదాపు సగం, ఒకటికి దిగితే అడుగు వెలుగు. చాలా డ్రైవర్లు ఒక వోల్టు కిందికి దిగినా పూర్తిగా ఆరవు, ఆర్పడానికి వేరే స్విచ్చి ఉండాల్సిందే.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ ఓల్టేజీని గోడ మీది తిప్పుడు బొత్తాం పంపించదు. డ్రైవరే పదో వంతు మిల్లీ ఆంపియరు లాంటి చిన్న కరెంటును ఆ తీగల్లోకి వదులుతుంది. గోడ మీద 100 కిలో ఓంల తిప్పుడు రెసిస్టరు పెడితే 0.1 మిల్లీ ఆంపియరు ఇంటూ 100 కిలో ఓంలు, పది వోల్టులు నిలుస్తాయి. తిప్పి 50 చేస్తే అయిదు. పదికి దించితే ఒకటి. కాగితం మీద లెక్క వేసి చూడండి, సరిపోతుంది. దీన్నిబట్టి రెండు పరీక్షలు కూడా చెయ్యొచ్చు. ఆ సన్న తీగలు రెండూ విడిగా వదిలేస్తే లైటు పూర్తి వెలుగులో ఉంటుంది. రెండు కొసలనూ ఒకదానికొకటి ఆనిస్తే అడుగుకు దిగిపోతుంది. డిమ్మర్ పని చెయ్యనప్పుడు తప్పు లైటులో ఉందా, గోడ మీద ఉందా, మధ్య తీగలో ఉందా అని తేల్చడానికి ఎలక్ట్రీషియన్లు చేసే మొదటి పని ఇదే. ఇది తెలిసిన పనివాళ్లే చెయ్యాలి, ఎందుకంటే పక్కనే 230 వోల్టులుంటాయి.

ఒకే తిప్పుడుకు రెండు లైట్లు కలిపితే కరెంటు రెట్టింపవుతుంది, అదే పది వోల్టులకు 50 కిలో ఓంలు చాలు. పది లైట్లు కలిపితే పది కిలో ఓంలకే పది వోల్టులు వచ్చేస్తాయి. అంటే 100 కిలో ఓంల తిప్పుడును ఎంత తిప్పినా వెలుగు తగ్గదు, చివరి పిసరులో ఒక్కసారిగా జారుతుంది. అందుకే పెద్ద హాళ్లకు ఓల్టేజీని తానే పట్టి ఉంచే ఎలక్ట్రానిక్ డిమ్మర్ పెట్టాలి. ఇంకో ఇబ్బంది తీగ పొడుగు. కరెంటు లైటు వైపు నుంచి డిమ్మర్ వైపుకు వస్తుంది కాబట్టి దారిలో పడే ఓల్టేజీ, దూరపు లైటు దగ్గర కలిసి కనబడుతుంది. ఫలితంగా దూరంగా ఉన్న లైటు దగ్గరి దానికంటే కొంచెం ఎక్కువగా వెలుగుతుంది. కొత్తగా కట్టిన హాలులో వెనక వరుస లైట్లు ముందు వరుస కంటే పెద్దగా వెలిగితే మొదట అనుమానించాల్సింది సన్నటి పొడుగు తీగనే.

‘ఇంత తతంగం ఏంటికి జేజినాయనా, ఫ్యాను రెగ్యులేటరుకే బల్బు కట్టేస్తే పోలా?’ అన్నాడు మావాడు. పోదురా నాయనా. పాత ఇనప డబ్బా రెగ్యులేటరు లోపల ఉండేది రెసిస్టరు తీగ. అది ఓల్టేజీని తగ్గించి, తగ్గించినదంతా వేడిగా పారబోస్తుంది. ఎల్‌ఈడీ డ్రైవరు ఓల్టేజీ తగ్గితే సర్దుకుంటుంది కాబట్టి వెలుగు తగ్గదు. కొత్త ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కొన్ని ట్రయాక్ అనే స్విచ్చితో కరెంటు అలను సెకనుకు వంద సార్లు మధ్యలో కోసి పంపిస్తాయి. తీగ బల్బుకు, ఫ్యానుకు అది సరిపోతుంది. ఎల్‌ఈడీ డ్రైవరు ఆ కోసిన అలను చూసి తికమకపడుతుంది. లోపలి కెపాసిటరులోకి కరెంటు ఒక్క ఉదుటున దూకుతుంది. బల్బు మిణుకుమిణుకుమంటుంది, జుమ్మని మోగుతుంది, కొన్ని నెలల్లోనే కన్ను మూస్తుంది. డబ్బా మీద ‘డిమ్మబుల్’ అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప మామూలు ఎల్‌ఈడీ బల్బును ఏ రెగ్యులేటరుకూ కలపొద్దు.

మన కంటి సంగతి కూడా ఒకటి చెప్పాలి. కన్ను వెలుగును సూటిగా కొలవదు. మీటరులో వెలుగు పావు వంతుకు తగ్గినా కంటికి సగం ఉన్నట్టే కనబడుతుంది. పదో వంతుకు తగ్గినా దాదాపు మూడో వంతులా ఉంటుంది. అంటే మీకు ‘సగం చాలు’ అనిపించినప్పుడు నిజంగా ఖర్చయ్యేది పావు వంతే. దీపం తగ్గించి వాడేవాళ్లకు ప్రకృతి ఇచ్చిన రాయితీ ఇది. మంచి డిమ్మర్లలో తిప్పుడు సగం తిప్పితే వెలుగు పావుకు దిగేలా అమర్చేది కంటికి నచ్చడానికే.

మన చుట్టుపక్కల దీని అవసరం ఎక్కడెక్కడ ఉందో చూడండి. సౌర వీధి దీపాలు తీసుకోండి. కర్నూలు దగ్గర గని, శకునాల వైపు 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. అక్కడ పగలు ఎంత కరెంటు పుట్టినా, పల్లె వీధిలోని సౌర దీపానికి రాత్రికి దిక్కు దాని కింద ఉన్న చిన్న బ్యాటరీయే. మంచి కంట్రోలరు జనం తిరిగే పొద్దుగూకిన వేళ పూర్తి వెలుగు ఇచ్చి, పది పదకొండు దాటాక కరెంటును సగానికో మూడో వంతుకో దించుతుంది. తెల్లవారేదాకా దీపం ఆరదు, బ్యాటరీ ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. దించే ఏర్పాటు లేని దీపం రాత్రి రెండింటికే కళ్లు మూస్తుంది. పాములు, తేళ్లు తిరిగే ఎండాకాలపు వీధిలో నిండు వెలుగు కొన్ని గంటలే ఉండటం కంటే సగం వెలుగు తెల్లవార్లూ ఉండటం ఎంతో మేలు.

ఇంకో చోటు బెలుం గుహలు. కొలిమిగుండ్ల దగ్గర సున్నపురాతి నేల కింద మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1982, 83లో గెబవర్ అనే జర్మన్ పరిశోధకుడి బృందం కొలిచింది. 2002లో జనం చూడటానికి తెరిచారు. గుహల్లో దీపాలు పెట్టకుండా మనుషులు నడవలేరు. కానీ ఎండ సోకని రాతి మీద దీపం వెలుగు గంటల తరబడి పడితే అక్కడ పాచి పుడుతుంది. ప్రపంచమంతటా దీపాలు పెట్టిన గుహలకు వచ్చే తెగులు ఇది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో వేల ఏళ్ల బొమ్మలున్న గోడల మీద పచ్చటి పాచి పట్టి, 1963లో జనానికి మూసేయాల్సి వచ్చింది. అందుకు మందు వెలుగును మోతాదులో వాడటమే. మనుషులు వచ్చినప్పుడు అడుగు కనబడేంత, వాళ్లు దాటిపోయాక అడుగంటా, ఆ తరువాత చీకటి. చీకటిలో కన్ను అలవాటు పడ్డాక చాలా తక్కువ వెలుగే సరిపోతుంది. కోట్ల ఏళ్ల రాతిని కాపాడుకోవాలంటే డిమ్మర్ మీద పెట్టే ఖర్చు పెద్దదేమీ కాదు.

ఇవన్నీ విన్నాక మీరు చెయ్యాల్సినవి మూడు పనులు చెప్తా. ఇంట్లో వెలుగు తగ్గించి వాడాలనుకుంటే ‘డిమ్మబుల్’ అని రాసిన బల్బు, దానికి తగిన డిమ్మర్ రెండూ కలిపి కొనండి. అది కుదరకపోతే ఒక పెద్ద బల్బు బదులు రెండు చిన్న బల్బులు, రెండు స్విచ్చులు పెట్టుకోండి. చదువుకు రెండూ వెయ్యండి, మాటలకు ఒకటి చాలు. బడిలోనో, గుడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో కొత్త లైట్లు పెడుతున్నారని తెలిస్తే ‘రెండు సన్న తీగలు కూడా ఇప్పుడే గోడలో వేయించండి’ అని పెద్దవాళ్లకు చెప్పండి. గోడ పూసేశాక తీగ లాగడం కష్టం. డిమ్మర్ రేపు కొనుక్కోవచ్చు, తీగ మాత్రం ఈ రోజే వెయ్యాలి.

నీళ్లు తక్కువున్న నేల మనది. ఉన్నదాన్ని ఎంత కావాలో అంతే వదిలి, పైరు ఎండకుండా చూసుకోవడం మన పెద్దలకు తెలిసిన విద్య. కరెంటు విషయంలో ఆ విద్యకు ఇన్నాళ్లూ పనిముట్టు లేదు, తీగ బల్బును తగ్గిస్తే నష్టమే వచ్చేది. ఎల్‌ఈడీ ఆ పనిముట్టును మన చేతికిచ్చింది. మీలో రేపు ఇంజనీర్లయ్యేవాళ్లు ‘ఎంత పెద్ద దీపం’ అని కాకుండా ‘ఇక్కడ, ఈ వేళకు ఎంత వెలుగు చాలు’ అని మొదట అడగడం నేర్చుకోండి. మిగిలిన లెక్క ఆ ఆవగింజంత రెసిస్టరు చూసుకుంటుంది.